డిస్లెక్సియా పరీక్షల చరిత్ర – పాతబస్తీ పిల్లలకు అది చెప్పే పాఠం

హైదరాబాదు పాతబస్తీలో మూడో తరగతి చదివే పిల్లవాడి పుస్తకాల సంచీ విప్పి చూస్తే, దేశంలో చాలాచోట్ల కనిపించని విషయం ఒకటి కనిపిస్తుంది. లెక్కలు, సైన్సు పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు వాచకం ఉంటుంది. చాలా ఇళ్లలో ఉర్దూ ఖాయిదా కూడా ఉంటుంది. సాయంత్రం మసీదుకు వెళ్లి ఆ పిల్లవాడు అరబ్బీ అక్షరాలు చదువుతాడు. లాల్ దర్వాజాలోనో గౌలిపురాలోనో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలకు లిపులు ఒకటి రెండు తగ్గవచ్చు. కాని వారిలోనూ చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో పాఠం చెప్పే భాష మరొకటి.

ఇలాంటి పిల్లవాడు చదవలేకపోతున్నాడని బడి నుంచి కబురు వస్తే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? అది డిస్లెక్సియానా, భాష రాకపోవడమా, సరిగా నేర్పకపోవడమా, చెవి వినపడకపోవడమా? ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెబితే నష్టం చిన్నది కాదు. "వీడికి చదువు అబ్బదు" అన్న ఒక్క మాటతో అబ్బాయి కార్ఖానాకూ, అమ్మాయి ఇంటి పనికీ మళ్లిన కుటుంబాలను నా ఉద్యోగకాలంలో ఎన్నింటినో చూశాను. సరైన జవాబు కోసం ఈ జబ్బును వైద్యలోకం ఎలా కనిపెట్టిందో, దాన్ని గుర్తించే పరీక్షలు ఎలా పుట్టాయో కొంత తెలుసుకోవాలి. ఆ చరిత్రలో పదే పదే ఎదురయ్యే విషయం ఒకటుంది: ప్రతి పరీక్షా ఏదో ఒక భాషకు, ఏదో ఒక లిపికి కట్టుబడి పుట్టింది.

కంటి వైద్యుల గదిలో మొదలైన కథ

1877లో అడాల్ఫ్ కుస్‌మౌల్ అనే జర్మన్ వైద్యుడు ఒక వింత స్థితిని వర్ణించాడు. రోగికి చూపు బాగుంటుంది, తెలివి బాగుంటుంది, మాట బాగుంటుంది. కాని అచ్చులో ఉన్న మాటను చదవలేడు. దానికి ఆయన 'పదాంధత' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1887లో స్టుట్‌గార్ట్ నగరపు కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ ఇటువంటి రోగుల గురించి రాస్తూ గ్రీకు మూలాల నుంచి 'డిస్లెక్సియా' అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. వీరిద్దరూ చూసినది పెద్దవారిని. అంతకుముందు చక్కగా చదివినవారు మెదడుకు దెబ్బ తగిలి ఆ శక్తిని పోగొట్టుకున్న సందర్భాలవి.

గ్లాస్గో కంటి శస్త్రవైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ 1895లో పదాంధత గురించి లాన్సెట్ పత్రికలో రాశాడు. దాన్ని చదివిన ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడికి, ఇంగ్లండు దక్షిణ తీరంలోని సీఫర్డ్ పట్టణంలో తాను చూస్తున్న ఒక కుర్రవాడు గుర్తుకొచ్చాడు. 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ఆ కుర్రవాడి కథను ప్రచురించాడు. పుట్టుకతో వచ్చే చదువు ఇబ్బందిని వైద్యశాస్త్రం స్పష్టంగా నమోదు చేసిన తొలి సందర్భాల్లో అది ప్రసిద్ధమైనది.

ఆ కుర్రవాడి పేరు పెర్సీ, వయస్సు 14 ఏళ్లు. ఏడేళ్ల వయస్సు నుంచి ఉపాధ్యాయుల దగ్గర చదువుతున్నా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. తన పేరునే 'ప్రెసీ' అని రాసి, తప్పు ఎక్కడుందో వెంటనే గుర్తించలేకపోయాడు. అదే కుర్రవాడు 749ని 867తో త్వరగా, తప్పు లేకుండా గుణించాడు. పాఠమంతా నోటితో చెప్పి నోటితోనే అడిగితే బడిలో అతణ్ని మించినవాడు ఉండడని అతని ఉపాధ్యాయుడి అభిప్రాయం.

ప్రింగిల్ మోర్గన్ దగ్గర ప్రామాణికమైన పరీక్షాపత్రం ఏదీ లేదు. అయినా ఆయన మూడు పనులు చేశాడు. కన్ను చూశాడు. చదువును, లెక్కను విడివిడిగా పరీక్షించాడు. విని అర్థం చేసుకునే శక్తికీ చదివి అర్థం చేసుకునే శక్తికీ మధ్య ఉన్న దూరాన్ని గమనించాడు. ఇవాళ్టి పరీక్షకు పునాది ఈ మూడే. అయితే ఆయనకు ఒక సౌకర్యం ఉండేది. పెర్సీ ఇంట్లో మాట్లాడినదీ, బడిలో చదివినదీ, వైద్యుడు పరీక్షించినదీ ఒకే భాష. మన పాతబస్తీ వైద్యుడికి ఆ సౌకర్యం లేదు.

తెలివికి కొలబద్ద

1904లో ఫ్రాన్సు ప్రభుత్వం, మామూలు బోధనతో ముందుకు సాగలేని పిల్లలను గుర్తించే మార్గం కోసం ఒక సంఘాన్ని నియమించింది. దాని ఫలితంగా ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ కలిసి 1905లో తొలి తెలివితేటల పరీక్షను తయారుచేశారు. ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను వెతకడం బినే ఉద్దేశం. తరువాతి కాలంలో దాన్నే పిల్లలకు శాశ్వతమైన ముద్ర వేయడానికి వాడారు.

1925లో అమెరికా వైద్యుడు శామ్యూల్ ఆర్టన్, అయోవా రాష్ట్రంలో బడి పిల్లలను పరీక్షించి, పదాంధత అనుకున్నంత అరుదైనది కాదని చెప్పాడు. చదవలేని పిల్లల్లో తెలివైనవారు చాలామంది ఉంటారని ఆయన గట్టిగా వాదించాడు. 1963లో చికాగోలో జరిగిన తల్లిదండ్రుల సభలో శామ్యూల్ కర్క్ 'లెర్నింగ్ డిజెబిలిటీ' అనే మాటను ముందుకు తెచ్చాడు. మనం దాన్ని అభ్యసన వైకల్యం అంటున్నాము. అప్పటి నుంచి చాలాకాలం ఒక సూత్రం నడిచింది: తెలివి సగటుగానో అంతకు మించో ఉండి, చదువు మాత్రం బాగా వెనుకబడి ఉంటే అది అభ్యసన వైకల్యం.

మన దేశానికి ఈ కొలబద్దలు వచ్చినప్పుడు భాషా సమస్య వెంటనే ఎదురయింది. సి. ఎం. భాటియా 1955లో ప్రచురించిన పరీక్షలో మాటల అవసరం చాలా తక్కువ. చెక్క దిమ్మెలు పేర్చడం, బొమ్మ ముక్కలు కలపడం వంటి పనులే ఎక్కువ. చదువు రాని పిల్లల తెలివిని కూడా కొలవాలన్నది ఆయన సంకల్పం. 1969లో నాగపూరులో ఆర్థర్ మాలిన్, అమెరికాకు చెందిన వెక్స్‌లర్ పరీక్షను భారతీయ పిల్లలకు అనువుగా మార్చాడు. 1991 ప్రాంతంలో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ అభ్యసన వైకల్యాలను గుర్తించే పరీక్షల సముదాయాన్ని రూపొందించింది. ఇవన్నీ విలువైనవే. అయితే నిమ్‌హాన్స్ సముదాయంలో చదవడం, రాయడం పరీక్షించే అంశాలు ప్రధానంగా ఇంగ్లీషులో ఉన్నవి.

మన నగరం, మన బడుల భాష

చదువు చెప్పే భాష ఏదై ఉండాలన్న ప్రశ్న హైదరాబాదుకు కొత్తది కాదు. 1846లో ఇక్కడ స్థాపించిన వైద్య పాఠశాలలో మొదట పాఠాలు చెప్పింది ఉర్దూలో. తరువాత దాన్ని ఇంగ్లీషుకు మార్చారు. 1880లలో ప్రభుత్వ వ్యవహారాల్లో పారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. పాఠ్యగ్రంథాల కోసం దానికి ముందే 1917లో అనువాద విభాగాన్ని నెలకొల్పారు. ఆ కాలంలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఉర్దూలో చదువుకున్నారు. ఇవాళ ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషులో చదువుకుంటున్నారు. భాషలు మారాయి గాని పిల్లవాడి కష్టం మారలేదు.

ఈ శతాబ్దం తొలి దశకంలో జేమ్స్ టూలీ, పాలీన్ డిక్సన్ అనే పరిశోధకులు బండ్లగూడ, బహదూర్‌పురా, చార్మినార్ మండలాల్లోని పేదల బస్తీల్లో వీధి వీధీ తిరిగి 918 బడులను లెక్కించారు. వాటిలో ప్రభుత్వ బడులు మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. మిగిలిన వాటిలో అధికభాగం తక్కువ ఫీజుల ప్రైవేటు బడులు. అక్కడ చెప్పేది ఎక్కువగా ఇంగ్లీషు మాధ్యమం. 2018లో తెలంగాణ చట్టం అన్ని బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేసింది. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టారు. ఈ నిర్ణయాల మంచిచెడ్డలను ఇక్కడ చర్చించడం లేదు. వైద్యుడి గది ముందు కూర్చున్న పిల్లవాడి వెనుక ఇంత చరిత్ర ఉన్నదని మాత్రం మరువరాదు.

లిపి మారితే ఇబ్బంది మారుతుందా?

గత పాతికేళ్ల పరిశోధనలు ఈ ప్రశ్నకు ఆశ్చర్యకరమైన సమాధానాలు చెప్పాయి. 2003లో సీమర్, ఆయన సహచరులు 13 ఐరోపా భాషల పిల్లలను పోల్చి చూశారు. రాసినట్టే పలికే భాషల పిల్లలు మొదటి తరగతి చివరికే చదవడం దాదాపుగా నేర్చుకున్నారు. ఇంగ్లీషు పిల్లలకు అందుకు రెట్టింపుకంటె ఎక్కువ కాలం పట్టింది. 'బట్', 'పుట్' అనే మాటల్లో నడిమి అక్షరం ఒకటే, ఉచ్చారణలు రెండు. పిల్లవాడిని తికమక పెట్టడానికి ఇది చాలదా?

2001లో పావులేసు బృందం ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల డిస్లెక్సియా వ్యక్తుల మెదడు పనితీరును చిత్రించింది. ముగ్గురిలోనూ ఎడమ మెదడులోని ఒకే ప్రాంతం మందకొడిగా పనిచేసింది. అయినా ఇటలీవారు మిగిలినవారికంటె మెరుగ్గా చదివారు. మూలలోపం ఒకటే అయినా, లిపిని బట్టి అది బయటపడే తీరు మారుతుందన్నమాట. 1999లో వైడెల్, బటర్‌వర్త్ వర్ణించిన కుర్రవాడి కథ ఇంకా విశేషమైనది. జపానులో పెరిగిన ఆ కుర్రవాడి ఇంటి భాష ఇంగ్లీషు. అతడు జపనీసు చక్కగా చదివేవాడు, ఇంటి భాష అయిన ఇంగ్లీషులో మాత్రం తీవ్రమైన డిస్లెక్సియాతో బాధపడ్డాడు. ఒక లిపిలో బాగా చదివినంత మాత్రాన మరో లిపిలో ఇబ్బంది లేదని కొట్టిపారేయరాదని ఆ ఒక్క కుర్రవాడు వైద్యలోకానికి నేర్పాడు.

మన లిపులదీ వేరే దారి. ఇంగ్లీషు అక్షరం 26తో ఆగిపోతుంది. తెలుగులో వర్ణమాల తరువాత గుణింతాలు, వాటి తరువాత ఒత్తులు. అక్షరానికి ధ్వని స్థిరంగా ఉంటుంది గాని, గుర్తుపెట్టుకోవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలపై పట్టు రావడం మొదటి ఒకటి రెండేళ్లలో ముగియదనీ, నాలుగో తరగతి దాకా సాగుతుందనీ చూపింది. తెలుగు పిల్లలు ధ్వనులను ఎలా విడదీసి గ్రహిస్తారన్న విషయంపై ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన దుగ్గిరాల వసంత 2004లో పరిశోధన ప్రచురించారు. ఇంగ్లీషు పిల్లల కోసం కట్టిన కొలతలను యథాతథంగా మనవారికి అంటగట్టరాదని ఇటువంటి అధ్యయనాలు గుర్తుచేస్తాయి.

ఉర్దూ సంగతి మరొకటి. అందులో హ్రస్వ అచ్చుల గుర్తులను సాధారణంగా రాయరు. చుక్కల సంఖ్యను బట్టి, వాటి స్థానాన్ని బట్టి అక్షరం మారిపోతుంది. మాటలో మొదట, నడుమ, చివర ఒకే అక్షరం వేర్వేరు రూపాలు దాలుస్తుంది. హిందీ, ఉర్దూ రెండు లిపులూ వచ్చినవారిపై 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో వారు ఉర్దూ మాటలకంటె హిందీ మాటలను త్వరగా చదివారు. నిపుణులకే ఇంత తేడా ఉంటే, నేర్చుకుంటున్న ఎనిమిదేళ్ల బిడ్డ సంగతి చెప్పనక్కరలేదు.

చట్టం చెప్పేది

1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. 1990ల చివర అక్కడే జయంతి నారాయణ్, మామూలు బడుల్లో వెనుకబడిన పిల్లలు నిజంగా ఏ తరగతి స్థాయిలో ఉన్నారో తేల్చే 'గ్లాడ్' అనే సాధనాన్ని రూపొందించారు. ఇది ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు ఇంగ్లీషు, హిందీ, గణితాలకు ఉద్దేశించింది. 2015లో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 'డాలీ' పేరుతో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో డిస్లెక్సియా పరీక్షలను విడుదల చేసింది. పిల్లవాడి భాషలోనే పరీక్ష ఉండాలన్న ఆలోచన ఇలా మెల్లగా బలపడింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. 2018 జనవరిలో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం బడిలో మూడో తరగతిలో, అంటే ఎనిమిదేళ్ల వయస్సులో తొలి వడపోత జరగాలి. పిల్లల వైద్యుడు చూపు, వినికిడి, నరాల పరీక్ష చేస్తాడు. తరువాత మనస్తత్వ నిపుణుడు తెలివి పరీక్ష, ఆపైన చదువు పరీక్ష చేస్తాడు. ధ్రువపత్రాన్ని ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. 14, 18 ఏళ్ల వయస్సులో మళ్లీ పరీక్షించాలి. ఈ నిబంధనలను 2024లో సవరించారు గనుక, తాజా వివరాలను ప్రభుత్వ ఆసుపత్రిలోని వైకల్య ధ్రువీకరణ విభాగంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2018 నిబంధనల్లో తెలివి అంకె 85 దాటాలన్న షరతు ఉన్నది. కాని అంతర్జాతీయంగా వాడే అమెరికా మనోవైద్య సంఘపు వర్గీకరణ, తెలివికీ చదువుకూ మధ్య ఇంత తేడా ఉండాలన్న పాత సూత్రాన్ని 2013లోనే వదిలేసింది. పైగా మాటలతో కూడిన తెలివి పరీక్షను ఇంట్లో దక్కనీ మాట్లాడే బిడ్డకు ఇంగ్లీషులో పెడితే, వచ్చే అంకె ఆ బిడ్డ తెలివిది కాదు, ఇంగ్లీషుది.

పాతబస్తీ పిల్లవాడిని ఎలా పరీక్షించాలి

ముందుగా శరీరం. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం, చూపు లోపం, రక్తహీనత, చాలినంత నిద్ర లేకపోవడం, క్షణకాలం స్పృహ తప్పే మూర్ఛ – వీటిలో ఏదున్నా చదువు కుంటుపడుతుంది. వీటికి మందు ఉంది.

తరువాత భాషల చరిత్ర. ఇంట్లో ఏ భాష? ఏ లిపిని ఎన్నేళ్ల నుంచి, వారానికి ఎన్ని గంటలు, ఎవరు నేర్పారు? మధ్యలో బడి మారిందా, మాధ్యమం మారిందా? బిడ్డకు మాటలు ఆలస్యంగా వచ్చాయా? కుటుంబంలో చదువు ఇబ్బంది ఇంకెవరికైనా ఉన్నదా? చివరి రెండు ప్రశ్నలకు అవునన్న జవాబు వస్తే డిస్లెక్సియా అనుమానం బలపడుతుంది.

మూడోది వినికిడి అవగాహన. పిల్లవాడికి బాగా వచ్చిన భాషలో ఒక చిన్న కథ చెప్పి ప్రశ్నలు అడగాలి. విన్నది చక్కగా చెప్పగలిగి, అదే స్థాయి కథను చదవలేకపోతే అది పెర్సీ బాట. విన్న కథ కూడా అర్థం కాకపోతే ముందుగా ఆలోచించవలసినది భాష గురించి, వినికిడి గురించి, తెలివి గురించి.

నాలుగోది ధ్వనుల ఆట. 'కమల'లో 'క' తీసేస్తే ఏం మిగులుతుంది? 'పలక'లో 'ల' తీసేస్తే? ఆడుకుంటూ చెప్పవలసిన ఈ జవాబులు రెండో తరగతి దాటిన బిడ్డకు కూడా చిక్కకపోతే గమనించవలసిన విషయమే.

అయిదోది చదివించడం. అత్యధిక కాలం శ్రద్ధగా నేర్పిన లిపిలో మొదట, మిగిలిన లిపుల్లో తరువాత చదివించాలి. తప్పులతోపాటు వేగాన్నీ చూడాలి. తెలుగులో డిస్లెక్సియా పిల్లలు తరచు తప్పులకంటె నెమ్మదితో బయటపడతారు. ఒక్కొక్క అక్షరాన్ని కూడబలుక్కుంటారు, ఒత్తులు వదిలేస్తారు, గుణింతాలు తారుమారు చేస్తారు. ఖురాన్ ప్రతుల్లో అచ్చుల గుర్తులన్నీ ఉంటాయి గనుక, అరబ్బీ నేర్చుకుంటున్న పిల్లవాడు కంఠస్థం కాని కొత్త పుటను ఎలా చదువుతాడో ఉస్తాదును అడిగి తెలుసుకోవడం కూడా పనికొస్తుంది. అర్థంతో సంబంధం లేకుండా అక్షరాన్ని ధ్వనిగా మార్చే శక్తి అక్కడ కనిపిస్తుంది.

ప్రాంతీయ ఉచ్చారణను జబ్బుగా లెక్కించరాదు. ఉర్దూలో 'ఖే', 'ఖాఫ్' వేర్వేరు అక్షరాలు. హైదరాబాదీల నోట ఈ రెండూ దాదాపు ఒక్కటే. కాబట్టి పిల్లవాడు ఒకదాని బదులు మరొకటి రాస్తే అది తన చెవి విన్నదాన్ని నమ్మకంగా రాయడమే. తెలుగు పిల్లవాడు 'భాష'ను 'బాష' అని రాసినా అంతే. ఇంగ్లీషులో చిన్న బి, డి అక్షరాలను తిప్పి రాయడం కూడా ఏడేళ్ల లోపు మామూలు విషయం.

అన్ని లిపుల్లోనూ, మంచి బోధన తరువాత కూడా, తోటివారికంటె చాలా వెనుకబడితే డిస్లెక్సియా అనుమానం బలమైనది. ఒక్క ఇంగ్లీషులోనే ఇబ్బంది ఉంటే బోధన లోపం కావచ్చు. జపాను కుర్రవాడిలా నిజమైన ఇబ్బందీ కావచ్చు. అటువంటప్పుడు నాలుగైదు నెలలు రోజూ అరగంట చొప్పున అక్షరానికీ ధ్వనికీ సంబంధాన్ని క్రమంగా నేర్పి, మళ్లీ పరీక్షించాలి. బాగా నేర్పితే త్వరగా పుంజుకునే పిల్లవాడికి ధ్రువపత్రం అక్కరలేదు. పుంజుకోలేని పిల్లవాడికి ఆలస్యం చేయకూడదు. జ్ఞాపకశక్తి టానిక్కులు, రంగు కళ్లద్దాలు ఈ ఇబ్బందిని నయం చేయవు. క్రమబద్ధమైన బోధన, పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు – నిజమైన ఉపకారం వీటివల్లనే.

డిఎస్ఎమ్–5 అనే వర్గీకరణ గ్రంథం ప్రకారం చదవడం, రాయడం, లెక్కలు కలిపి చూస్తే బడి వయస్సు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి నిర్దిష్ట అభ్యసన ఇబ్బంది ఉంటుంది. నలభై మంది ఉన్న తరగతిలో కనీసం ఇద్దరన్నమాట. అటువంటి బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అన్ని భాషల నోటు పుస్తకాలనూ వెంట తీసుకువెళ్లండి. పరీక్ష ఏ భాషలో పెడుతున్నారని నిపుణుణ్ని అడగండి. ధ్రువపత్రంలో ఆ భాష పేరును, బిడ్డ ఇంటి భాష పేరును రాయమని మర్యాదగా కోరండి. ఆ రెండు మాటలు కాగితంపై ఉంటే, 14 ఏళ్ల వయస్సులో మళ్లీ పరీక్షించే వైద్యుడికి ఆ అంకెల అర్థం తెలుస్తుంది.